చెప్పి పంపిన మాట

గోవర్ధనం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. రాజమహేంద్రవరంలో ఆయన డాబా మీద శనివారం సాయంత్రాలు రామాయణం వినడానికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అన్నదమ్ముల తగువు గురించి అడిగిన బట్టల కొట్టాయన చేత ఎండలో కొబ్బరాకుల పందిరి కట్టించారు. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన బ్యాంకు ఉద్యోగి చేత పక్కింటి చంటిదానికి కొన్నాళ్ళు సాయంత్రం పూట అన్నం తినిపించారు. వాళ్ళకి జవాబు దొరికిందో లేదో ఎవరూ వాకబు చేయలేదు కానీ, ఇద్దరూ క్లాసుకి రావడం మాత్రం మానలేదు. అందుకే కొత్తవాళ్ళెవరైనా మాస్టారిని ప్రశ్న అడగబోతే పాతవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు.

ఆ డాబాకి వచ్చేవాళ్ళలో అందరికంటే చిన్నది మనోజ్ఞ. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఏడో సెమిస్టరు పరీక్షలు అయిపోయాయి, ఎనిమిదోది ఇంకా మొదలుకాలేదు. హాస్టలు సగం ఖాళీ. సొంతూరు తుని వెళ్ళింది కానీ, నాయనమ్మ మంచం తీసేసిన ఆ మూల ఖాళీని చూస్తూ ఉండలేక, ప్రాజెక్టు పనుందని చెప్పి పెందలాడే తిరిగి వచ్చేసింది. పరీక్షల ముందు నాయనమ్మకి జబ్బు చేసినప్పుడు ఆమె హాస్టలు గదిలో రోజూ దణ్ణం పెట్టుకుంది. పెద్ద కోరికేమీ కోరలేదు. సెలవులు వచ్చేదాకా ఉంచు, నేను వెళ్ళి దగ్గరుండి చూసుకుంటాను, అంతే. సెలవులు రాకముందే నాయనమ్మ పోయింది. ఆ తరవాత కూడా మనోజ్ఞ అలవాటు కొద్దీ చేతులు జోడిస్తూనే ఉంది గానీ, స్విచ్ఛాఫ్ చేసిన ఫోనుతో మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఒక శనివారం అందరూ వెళ్ళిపోయాక ఆమె చాపలు చుడుతూ ఆగింది.

"మాస్టారూ, నాకు నమ్మకం పోయింది. అవతల ఎవరూ లేరనిపిస్తోంది. నమ్మకం లేకుండా మీ ముందు కూర్చుని రామాయణం వినడం మోసం కదా. మానేద్దామనుకుంటున్నాను. మానెయ్యనా?"

మాస్టారు లోపలికి కేకేశారు. "అలివేలూ, మన తులసి మాల ఎప్పుడు కడతావు?"

"రేపు కట్టేస్తాను, ఏం?" అన్నారు ఆయన భార్య వంటింట్లోంచి.

"ఈ అమ్మాయి భద్రాచలం వెళ్తోంది."

మనోజ్ఞ తెల్లబోయింది. "నేను చెప్పింది విన్నారా మాస్టారూ? నాకు నమ్మకం లేదన్నాను."

"విన్నాను. బస్సెక్కడానికి నమ్మకం అక్కర్లేదమ్మా, టిక్కెట్టు చాలు. నా మోకాళ్ళు ఘాట్ రోడ్డుకి ఒప్పుకోవడంలేదు. ఏటా ధనుర్మాసంలో ఇక్కడి తులసి అక్కడికి వెళ్ళాలి, ఈసారి నువ్వు తీసుకెళ్ళు. ఒక్కటే మాట. దారిలో ఎవరైనా ఏమైనా చెప్పి పంపితే కాదనకు."

ఆమె ఒప్పుకుంది. అందుకు ఒక కారణం లేకపోలేదు. హాస్టలు స్నేహితులు మారేడుమిల్లిలో గదులు తీసుకుని ఉన్నారు. ఇక ఎనిమిదో సెమిస్టరంతా ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్పులు, అందరూ తలో ఊళ్ళో ఉంటారు. ఒకే చోట కూర్చుని కబుర్లు చెప్పుకునే సాయంత్రం మళ్ళీ దొరకదు. భద్రాచలం బస్సు మారేడుమిల్లి మీదుగానే వెళ్తుంది. పొద్దున్నే వెళ్ళి, మాల ఇచ్చేసి, మధ్యాహ్నం బస్సుకి వెనక్కి వస్తే, చలిమంట వేసే వేళకి స్నేహితుల దగ్గర ఉండొచ్చు. ఆమె లెక్క అది.

వెదురుబుట్టలో తడిగుడ్డ, దాని మీద తులసిమాల, పైన అరిటాకు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని మనోజ్ఞ కిటికీ పక్కన కూర్చుంది. తులసి వాసన బస్సంతా పట్టింది. గోకవరంలో ఎక్కి పక్కన కూర్చున్న సత్యవేణి అనే ఆవిడ రెండుసార్లు గాలి పీల్చి, "రాములవారికేనా?" అంది. అవునంటే ఆవిడ చేతిలోని ఊరగాయ సీసా కాళ్ళ మధ్య సర్దుకుని, ఇటు తిరిగి కూర్చుంది.

"మా అమ్మాయికి నెలలు నిండాయి. రంపచోడవరంలో ఉంటుంది. దాని దగ్గరికే వెళ్తున్నాను. దుర్గాభవాని దాని పేరు. సుఖంగా కాన్పు అవ్వాలని ఆయనకి ఒక్క మాట చెప్పమ్మా."

మనోజ్ఞకి మొహమాటం వేసింది. ఊరికే సరేనని తలూపితే అబద్ధమాడినట్టు ఉంటుంది. "నేనంత భక్తురాలిని కాదండీ. నా మాట వింటాడో లేదో" అంది.

"నీ మాట ఎందుకు వినాలి? చెప్పేది నా మాట కదా. నువ్వు అక్కడ అప్పజెప్పు, చాలు" అంది సత్యవేణి తేలిగ్గా.

టిక్కెట్లు కొడుతున్న కండక్టరు ఇదంతా విన్నాడు. కాసేపటికి చిల్లర ఇచ్చే నెపంతో వచ్చి, తన కూతురు ఇంటర్మీడియట్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పిందని, ఈసారైనా గట్టెక్కాలని, పేరు లావణ్యదీపిక అని, ఇంటిపేరు కూడా చెబితే మంచిదని గొంతు తగ్గించి చెప్పాడు. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, "నాకేం అడగొద్దమ్మా. ఇన్నేళ్ళుగా ఈ ఘాట్ రోడ్డులో బండికి గీత పడలేదు. ఆ సంగతి మాణిక్యాలరావు గుర్తుపెట్టుకున్నాడని చెప్పండి" అన్నాడు. మారేడుమిల్లిలో టీకి ఆగినప్పుడు రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుస్తున్న ఒకతను బుట్టని చూసి దూరంగానే నిలబడ్డాడు. అతని పేరు గంగరాజు. "మాది మాంసం వ్యాపారమండి. ఆయన ముందు మన పేరెత్తొచ్చంటారా?" అని అడిగాడు. ఎత్తొచ్చని మనోజ్ఞ తన పూచీ మీద చెప్పేసింది. అప్పుడతను దగ్గరికొచ్చి, కార్తీకమాసం నుంచీ భార్య తనతో మాట్లాడడంలేదని, తప్పు తనదేనని, ఆమె ఒక్క మాట మాట్లాడేలా చూడమని చెప్పాడు.

ఘాట్ మలుపుల్లో మనోజ్ఞ ఈ పేర్లన్నీ వైవా ముందు ఫార్ములాలు వల్లెవేసుకున్నట్టు వల్లె వేసుకుంది. దుర్గాభవాని కాన్పు. లావణ్యదీపిక లెక్కలు. మాణిక్యాలరావు కృతజ్ఞత. గంగరాజు భార్య మాట. తనకే నవ్వొచ్చింది. ఎవరూ లేరనుకునే చోటికి ఇన్ని కబుర్లు మోసుకెళ్తున్నది తానేనా అనుకుంది. అయినా వల్లెవేయడం మానలేదు.

అడవి మధ్యలో ఒకచోట చెయ్యెత్తి బస్సు ఆపి, కొండచీపుళ్ళ మోపుతో ఒక ముసలావిడ ఎక్కింది. చింతూరు సంతకి వెళ్తోంది. సత్యవేణి అప్పటికే దిగిపోయింది కాబట్టి ఆ సీట్లో కూర్చుంది. పేరు బుల్లెమ్మ. అరిటాకు కొంచెం పైకెత్తి తులసిని చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పింది.

"రాములోరి కాడికా?"

"అవునమ్మా. ఏమైనా చెప్పమంటారా?" ఈసారి మనోజ్ఞే అడిగింది.

బుల్లెమ్మ ఆలోచించింది. "ఏటా ఎల్దామనుకుంటాను. మేకల్ని ఎవరు చూత్తారు? కుదరదు. బుల్లెమ్మ అడిగిందని చెప్పు. బాగున్నాడా అని."

"అది సరే, మీకేం కావాలో చెప్పండి."

"నాకేం కావాలి? ఆయన మా కొండల్లో తిరిగినోడు కదా. ఇంటికాడ పెరిగిన పిల్లోడు, అడివిలో దుంపలు తిని ఎన్ని తిప్పలు పడ్డాడో. ఇప్పుడు బాగున్నాడో లేదో, కనుక్కో."

చింతూరులో మోపు దింపడానికి మనోజ్ఞ సాయం పట్టింది. కింద నిలబడి బుల్లెమ్మ కిటికీలోకి మరోసారి చూసి, "అడుగు మరి" అని, చీపుళ్ళు నెత్తికెత్తుకుని సంతలోకి వెళ్ళిపోయింది.

భద్రాచలంలో ధనుర్మాసపు రద్దీ ఉంది. మెట్ల మీద వరస నత్తలా కదులుతోంది. మధ్యాహ్నం తలుపులు మూసే లోపల దర్శనం అవుతుందా అని వరసలో అందరికీ ఆదుర్దాయే. చివరికి మనోజ్ఞ లోపలికి వెళ్ళేసరికి మూసే వేళ దగ్గర పడింది. తొడ మీద సీతమ్మని కూర్చోబెట్టుకుని రాముడు, పక్కన లక్ష్మణుడు, ముందు దీపాలు. అర్చకులు బుట్ట అందుకుని, "గోత్రం, పేరు?" అన్నారు.

"చాలామంది ఉన్నారండీ" అంది మనోజ్ఞ.

అర్చకులు నవ్వి మాల లోపలికి తీసుకెళ్ళారు. ఆమె గబగబా మనసులో అప్పజెప్పింది. దుర్గాభవాని, లావణ్యదీపిక, ఇంటిపేరుతో సహా, మాణిక్యాలరావు, గంగరాజు. వెనకనుంచి తోపు, పక్కనుంచి "నడవండమ్మా, నడవండి." బయటపడ్డాక పరీక్షలో తెలిసినవన్నీ రాసేసి వచ్చినంత తేలిగ్గా ఉంది. పులిహోర తింది. బస్టాండుకి వచ్చింది. పగటి వెలుతురులో ఘాట్ దాటే ఆఖరి బస్సు సిద్ధంగా ఉంది. కిటికీ సీటు దొరికింది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. అప్పుడే తునినుంచి అమ్మ ఫోను చేసింది. దర్శనం బాగా అయిందా, ఏమైనా తిన్నావా, చలిగా ఉందా అని అడిగింది. అన్నిటికీ జవాబులు చెప్పి, అందరూ అనే మాటే మనోజ్ఞ కూడా అంది. "నువ్వు బాగున్నావా?"

ఆ మాట నోటినుంచి వచ్చాక ఆమెకి గుర్తొచ్చింది. బుల్లెమ్మ మాట చెప్పలేదు. కోరికలన్నీ వరసగా గుర్తుపెట్టుకుంది గానీ, కోరిక కానిది ఒక్కటే ఉంటే అది జారిపోయింది.

అమ్మ అవతల ఏదో చెబుతోంది. మళ్ళీ చేస్తానని పెట్టేసింది. బస్సు వెనక్కి తిరుగుతోంది. పోనీలే అనుకుంది. బుల్లెమ్మ ఏమీ అడగలేదు, చెప్పకపోతే ఆవిడకి వచ్చే నష్టమేమీ లేదు. చెప్పలేదని తెలిసే వీలూ లేదు. పైగా గుడి మూసేశారు, మళ్ళీ సాయంత్రం దాకా తెరవరు. ఈ బస్సు వదిలితే రేపటిదాకా ఇంకొకటి లేదు. చలిమంట పోతుంది, స్నేహితులతో ఆ సాయంత్రం పోతుంది. ఇవన్నీ సబబైన మాటలే. కానీ సంతలో చీపుళ్ళు పరచుకుని కూర్చున్న ఆ ముసలావిడ ఈపాటికి ఒకసారి పొద్దు వైపు చూసి, ఆ పిల్ల అడిగే ఉంటుంది అనుకుని ఉంటుందని మనోజ్ఞకి తోచింది. ఆ తోచడం ఆమెని కూర్చోనివ్వలేదు.

"ఆపండి, దిగుతాను" అంది లేచి.

"ఏమ్మా, ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు డ్రైవరు.

"అవునండీ" అని దిగిపోయింది.

మారేడుమిల్లిలో ఎదురుచూస్తున్న స్ఫూర్తికి ఫోను చేసి, ఈ రాత్రికి రాలేనని, రేపు పొద్దున్న వస్తానని చెప్పింది. స్ఫూర్తి హాస్టల్లో ఆమె గదిలోనే ఉంటుంది.

"దర్శనం కాలేదా?"

"అయింది. ఒకావిడ దేవుణ్ణి ఒక మాట అడగమంది. మర్చిపోయాను."

స్ఫూర్తి, "ఏమే, నీకు నమ్మకం లేదన్నావు. మాస్టారి క్లాసు మానేస్తున్నానన్నావు" అంది.

"అది వేరే. ఇది ఆవిడ మాట."

"సరే, మీ ఆవిడ మాట చెప్పేసి రా. నీ వంతు చికెన్ మేం తినేస్తాం" అని స్ఫూర్తి నవ్వుతూ పెట్టేసింది.

సాయంత్రం తలుపులు తెరిచేదాకా మనోజ్ఞ గోదావరి ఒడ్డున కూర్చుంది. చేతిలో ఈసారి బుట్ట లేదు, పూలు లేవు, తన కోరికంటూ ఏదీ లేదు. మళ్ళీ అదే వరస, అవే మెట్లు. ముందున్న పెద్దాయన, పొద్దున్న కూడా ఆమెని చూసినవాడు, "రెండో దర్శనమా? ఎంత భక్తి తల్లీ" అన్నాడు. కాదండీ అని చెప్పబోతుండగా వరస ముందుకి కదిలింది.

ఈసారి ఆమె పెదవులు కదిపి, తనకి మాత్రం వినిపించేటంత మెల్లగా అంది. "చింతూరు సంతకి వచ్చే బుల్లెమ్మగారు అడిగారు. బాగున్నారా అని."

అని, నిలబడింది.

దీపం వెలుగు సీతమ్మ మొహం మీద కదులుతోంది. పక్కనే ఉన్న పసుపు చీర సేవకురాలు, "జరుగమ్మా" అంది. మనోజ్ఞ కదల్లేదు. "ఒక్క నిమిషమండీ. ఒక మాట అడిగాను" అంది.

ఆ సేవకురాలు ఎంతమందిని తోసి ఉంటుందో ఆ పూట. ఆవిడ మనోజ్ఞని చూసింది, తల తిప్పి గర్భగుడిలోకి చూసింది, తరవాత వెనక వాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి, ఆగండి" అంది. కొద్దిసేపు వరసంతా ఆగింది. తరవాత మనోజ్ఞ తనంతట తనే పక్కకి జరిగింది.

ఆ రాత్రి సత్రంలో పడుకుంది. చాలా రోజుల తరవాత గాఢంగా నిద్రపోయింది. మర్నాడు మారేడుమిల్లిలో దిగేసరికి గంగరాజు దూరంనుంచే చేతులూపుతూ ఎదురొచ్చాడు. "తిట్టిందండి" అన్నాడు, మొహం వెలిగిపోతుండగా. "నిన్న సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువేశానని మా ఆవిడ నన్ను తిట్టిందండి." ఆ మాటకి, తనని తీసుకెళ్ళడానికి వచ్చిన స్నేహితులందరూ కలిసి నవ్విన నవ్వులో, రాత్రి తప్పిపోయిన చలిమంట సంగతి మనోజ్ఞకి గుర్తు రాలేదు.

శనివారం ఆమె ప్రసాదం పట్టుకుని అందరికంటే ముందుగా మాస్టారింటికి వెళ్ళింది. ఆయన డాబా మీద తులసి కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పింది. సత్యవేణి మాటలకి ఆయన తల పంకించారు. గంగరాజు సంగతికి అలివేలుగారితో కలిసి గట్టిగా నవ్వారు. బస్సు దిగిపోయిన చోట మాత్రం చెంబు కింద పెట్టి, శ్రద్ధగా విన్నారు.

"అడిగేశాను మాస్టారూ. ఆవిడ ఎలా చెప్పమందో అలాగే అడిగాను. వెనక జనం తోస్తున్నా కాసేపు అలాగే ఉన్నాను" అంది మనోజ్ఞ. తరవాత, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. "కానీ జవాబేమీ రాలేదు."

మాస్టారు చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"జవాబు కోసం ఆగావన్నమాట" అన్నారు.